రెండు బుట్టల బూడిద

మొగలిలంక మడ అడవిలో చేపలు పట్టుకు తినే నీటిపిల్లిని కళ్లారా చూసినవాళ్లు నలుగురైదుగురికి మించి లేరు. వీరవేణి దిబ్బరొట్టె రుచి చూడనివాళ్లు మాత్రం ఇద్దరే. ఒకాయన పళ్లు లేక, రెండో ఆవిడ వీరవేణికి ఆడపడుచు అయినందువల్ల. ఒకదాన్నొకటి ఎన్నడూ ఎరగని ఆ పిల్లికీ ఈ రొట్టెకీ మధ్య పగ ఉందని ఊరికి తెలిసింది కిందటి డిసెంబరులో.

ఆ సంగతి చెప్పినవాళ్లు ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని వచ్చారు. డిగ్రీ కాలేజీ పిల్లలు, పన్నెండు మంది. చేతుల్లో అట్టలు, అట్టల మీద పిల్లి బొమ్మ, బొమ్మ కంట్లో నీటి చుక్క. బజారులో ముందు ఏ కొట్టు మెట్లెక్కాలా అని కాసేపు తర్జనభర్జన పడి, ఉదయం ఏడున్నరకి వీరవేణి పొయ్యి ముందు ఆగారు.

వీరవేణి పొయ్యి సంగతి కొంచెం చెప్పాలి. మినప్పిండిలో బియ్యపునూక కలిపి, ఇనప మూకుట్లో నాలుగు వేళ్ల మందాన పోసి, మూత పెట్టి, ఆ మూత మీద కూడా నిప్పులు పోస్తుంది. కింద నిప్పు, పైన నిప్పు, మధ్యలో రొట్టె. ఆ నిప్పు కొబ్బరిచిప్పలదే అయ్యుండాలి. మూకుడు అత్తగారిది, పద్ధతీ అత్తగారిదే. గ్యాసు మీద కాలిస్తే కింద మాడి, పైన పచ్చిగా ఉంటుందని ఆవిడ కన్ను మూసేముందు చెప్పి మరీ పోయింది.

"ఆంటీ, మీరు రోజుకి ఎంత కార్బన్ వదులుతున్నారో తెలుసా?" అంది అందరికంటే ముందున్న పిల్ల. పేరు హాసిని. జంతుశాస్త్రం రెండో ఏడు.

"నేనేటీ వదల్లేదమ్మా," అంది వీరవేణి కంగారుగా. "తెల్లారగట్ల నుంచీ ఈ పీట మీదే ఉన్నాను."

"అది కాదాంటీ. మీ పొగ పైకి పోతుంది కదా, దాంతో భూమి వేడెక్కుతుంది. సముద్రం పొంగుతుంది. మన మడ అడవి మునిగిపోతుంది. అప్పుడు నీటిపిల్లి ఎక్కడ ఉంటుంది?"

"ఇదంతా నా ఒక్క పొయ్యి వల్లేనా?"

"అందరి పొయ్యిల వల్లానూ. మీతో మొదలెట్టాం."

"నాతోనే ఎందుకు మొదలెట్టేరో?"

"ఇక్కడ వాసన బాగుంది," అన్నాడు వెనకాల నుంచి ఒక కుర్రాడు నిజాయితీగా.

భూగోళం గురించి మిగతా సంభాషణ చెరకు పానకంలో రొట్టె ముంచుకుంటూ జరిగింది. పదకొండు రొట్టెలు అయిపోయాయి. వన్యప్రాణుల కోసం కష్టపడేవాళ్లకి ఆకలి బాగా వేస్తుందని వీరవేణి గ్రహించింది.

మర్నాడు పదకొండు మంది రాలేదు. హాసిని ఒక్కతే అయిదింటికల్లా వచ్చి, పొయ్యి పక్కన గొంతుక్కూచుని, ఎన్ని చిప్పలు లోపలికి వెళ్తున్నాయో లెక్కపెట్టింది. అరవై రెండు. ఆ పిల్ల ఉపన్యాసం మానేసి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాక వీరవేణికి నచ్చింది. పైనిప్పులు ఎందుకు పారబోస్తున్నారు, వాటినే తర్వాతి రొట్టెకి కిందకి తోస్తే పోలా అని అడిగింది. నిప్పుల మీద బూడిద కప్పితే వేడి ఎంతసేపు నిలుస్తుందని అడిగింది. వీరవేణి పొయ్యి చుట్టూ బంకమట్టితో గోడ లేపింది. పది రోజులు మాడినవీ పచ్చివీ ఇద్దరూ పంచుకు తిన్నాక, పదకొండో రోజున రొట్టె అత్తగారి కాలంలో కాలినట్టే కాలింది. చిప్పలు ఇరవై ఎనిమిది. మధ్యాహ్నానికి వీరవేణి కళ్లు మండటం మానేశాయి.

పక్క కొట్టు మంగలి కనకరాజు అది చూసి, గెడ్డాలకి నీళ్లు కాచే కట్టెల పొయ్యి తీసేసి, డాబా మీద నల్ల డబ్బా పెట్టి ఎండలో కాచుకోవడం మొదలుపెట్టాడు. దర్జీ బొగ్గుల ఇస్త్రీపెట్టె మానేశాడు. ఒక్క కాగితం లేకుండా, ఒక్క సంతకం లేకుండా, రెండు నెలల్లో బజారులో పొగ సగానికి సగం తగ్గిపోయింది.

ఇక్కడితో ఆగిపోతే నీటిపిల్లికి మంచిదే. కానీ మంచి జరుగుతున్నట్టు జిల్లా కేంద్రంలో తెలిసిపోయింది.

ఫిబ్రవరి మొదటివారంలో మొగలిలంకకి వన్యప్రాణి వర్తక అనుసంధాన ప్రత్యేకాధికారి వచ్చి దిగారు. పేరు పరాంకుశంగారు. అంతకుముందు ముప్పై ఏళ్లు పింఛన్ల విభాగంలో ఉండి, ఏటా నవంబరులో ముసలివాళ్లని వరుసలో నిలబెట్టి, బతికే ఉన్నారని వేలిముద్ర వేయించుకున్న మనిషి. ఎదురుగా నిలబడి దగ్గుతున్న మనిషిని కూడా ముద్ర సరిపోయేదాకా బతికున్నట్టు ఒప్పుకునేవారు కారని పేరు. కాగితం మీద రాసే భాషే నోటితోనూ మాట్లాడేవారు. టీ కావలసి వచ్చినా, "తేనీటి నిమిత్తం తగు చర్య గైకొనవలెను" అనేవారు.

ఆయన మొదట చేసిన పని సభ. ఏసీ కల్యాణ మండపంలో పెట్టారు. కరెంటు పోతే ఇబ్బంది అని రెండు జనరేటర్లు బయట డబడబమంటూనే ఉన్నాయి. 'పొగ తగ్గిద్దాం' అని రాసిన ఫ్లెక్సీలు గుమ్మం నుంచి బస్టాండు దాకా కట్టారు. అవే మాటలతో పన్నెండు వేల కరపత్రాలు అచ్చువేయించి, కట్టలు కట్టలుగా హాసినీ వాళ్ల దళానికి అప్పగించారు.

వేదిక మీద ఒక స్టీలు బిందె పెట్టారు. బిందెలో చీటీలు. చీటీకొక జంతువు.

"ఒక దుకాణము, ఒక ప్రాణి," అన్నారు పరాంకుశంగారు మైకులో. "ప్రతి వర్తకుడూ తాను తగ్గించు కర్బనమును ఒక ప్రాణికి అంకితమీయవలెను. ఎవరు తగ్గించినారో తెలియుచున్నది, ఎవరి కొరకు తగ్గించినారో తెలియుట లేదు. ఇట్టి అస్పష్టతను ఈ కార్యాలయము ఎంతమాత్రమూ ఉపేక్షించదు."

కనకరాజుకి సముద్రపు తాబేలు వచ్చింది. "ఒంటి మీద ఓ నాలుగు యెంట్రుకలున్నదిత్తే బావుండేదండీ," అని గొణుక్కుంటూ దిగాడు. దర్జీకి నీటికుక్క, పచారీ కొట్టుకి గద్ద. వీరవేణి చీటీ విప్పితే నీటిపిల్లి. హాసిని చప్పట్లు కొట్టింది. దస్తావేజు చేతికి వచ్చేదాకా వీరవేణికీ సంతోషంగానే ఉంది.

దస్తావేజు పరాంకుశంగారి స్వహస్తాలతో తయారైంది. పింఛనుదారుల పాత నమూనానే తీసుకుని, పింఛనుదారు అన్నచోటల్లా ప్రాణి అని మార్చారు. మిగతాది మార్చవలసిన అవసరం ఆయనకి కనబడలేదు. ప్రాణి పేరు. తండ్రి లేదా భర్త పేరు. శాశ్వత చిరునామా. పుట్టుమచ్చలు రెండు. అడుగున పెద్ద గడి. "నేను సజీవముగా ఉన్నాననియు, పై దుకాణము వలన నాకు లబ్ధి చేకూరినదనియు ఎవరి బలవంతమూ లేక తెలుపుచూ వేసిన ముద్ర. ఎడమ ముందుకాలు." మార్చి ముప్పై ఒకటి లోపల ఈ పత్రం దాఖలు చేయని దుకాణాలకి లైసెన్సు తిరిగి ఇవ్వబడదు.

వీరవేణి రెండుసార్లు చదివింది. చెయ్యెత్తి లేచి నిలబడింది.

"అయ్యగారండీ, పిల్లిచేత ముద్ర ఎలా ఏయించాలండీ?"

"ఎవరికి మేలు చేసితిమో వారు అంగీకరింపనిదే మేలు జరిగినట్లు కార్యాలయము ఎట్లు భావింపగలదమ్మా?"

"ఆయ్. ఇరవయ్యేళ్ల నుంచి మా ఆయనకి వండి పెడతన్నానండీ. మేలు జరిగిందని ఒక్కనాడూ ఒప్పుకోలేదండీ. తింటం మాత్రం మానలేదండి మరి."

సభ నవ్వింది. పరాంకుశంగారు నవ్వలేదు.

"మీ భర్తగారి విషయము మా పరిధిలోనికి రాదు," అన్నారు. "తర్వాతి వారు."

మార్చి రెండోవారానికల్లా బజారులో ఏ కొట్టు నుంచీ ఒక్క ముద్రా అందలేదు. వర్తకులు సహకరించడం లేదని పై నుంచి మందలింపు వచ్చింది. పరాంకుశంగారు న్యాయమైన మనిషి. ప్రాణులకి కార్యాలయం దాకా రావడం కష్టమైతే కార్యాలయమే వాటి దగ్గరికి వెళ్లాలన్నారు. అలా మడ అడవి అంచున లబ్ధిదారుల ప్రత్యేక శిబిరం పెట్టారు.

పదకొండు జీపులు కదిలాయి. షామియానా వేశారు, కౌంటర్లు పెట్టారు, జనరేటర్లు రెండూ కల్యాణ మండపం నుంచి ఇక్కడికి వచ్చాయి. బల్లల మీద సిరా దిండ్లు పెట్టారు. తాబేళ్లకి కాళ్లు అందవేమోనని ఒక బల్ల కాళ్లు కోయించారు. ఏ వివరమూ మరిచిపోలేదు.

"నీటిపిల్లులు ఎడమ వరుసలోను, నీటికుక్కలు కుడి వరుసలోను నిలువవలెను," అని మైకు అరిచింది. "తోపులాటకు తావీయక సిబ్బందితో సహకరింపవలెను."

అడవిలో కూస్తున్న పిట్టలు కాస్తా నోరు మూసుకున్నాయి. వీరవేణి, కనకరాజు, హాసిని షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో సాక్షులుగా కూర్చున్నారు. నీళ్లల్లో ఏవో దబదబా దూకి దూరంగా పోతున్న చప్పుడు వినబడింది.

"ఆలకించేయండీ," అన్నాడు కనకరాజు. "కాకపోతే వరస అటేపు కట్టేయి."

మధ్యాహ్నం బిర్యానీ పొట్లాల వాసనకి ఒక కొంగ వచ్చి బల్ల మీద వాలింది. గుమాస్తా ఎగిరి గంతేశాడు. "సార్, కొంగ హాజరు!"

"కొంగల కౌంటరు ఉదయముననే మూసివేయబడినది," అన్నారు పరాంకుశంగారు. కొంగ కాసేపు ఆగి, మాంసం ముక్క ముక్కున కరుచుకుని వెళ్లిపోయింది.

నాలుగింటికి పేర్లు పిలిచారు. నీటిపిల్లి ఒకటి. గైర్హాజరు. నీటిపిల్లి రెండు. గైర్హాజరు. నిబంధన ప్రకారం ఒక్కొక్కదాన్ని మూడేసి సార్లు పిలిచారు. పింఛన్ల విభాగంలో మూడుసార్లు పిలిచినా రానివాళ్లకి ఏమవుతుందో నమూనాలో ముందే అచ్చయి ఉంది కాబట్టి ఎవరూ ఆలోచించవలసిన పని పడలేదు. మర్నాడు నోటీసు బోర్డు మీద జాబితా వేలాడింది. మడ అడవిలోని నాలుగువందల పదహారు ప్రాణులూ మరణించినట్లు భావించడమైనది.

వీరవేణికి విడిగా కాగితం వచ్చింది. హాసిని పొయ్యి దగ్గర నిలబడి చదివి పెట్టింది. "మీ లబ్ధిదారు దివంగతమైనందున మీరు తగ్గించిన కర్బనము ఎవరికినీ ఉపయోగపడినట్లు లేదు. కావున మార్చి ముప్పై ఒకటి పిమ్మట మీ దుకాణము మూసివేయబడును." చివరి మాట దగ్గర పిల్ల కళ్లు తుడుచుకుంది.

"నా వల్లే ఆంటీ. మేం రాకపోతే మీ కొట్టు జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు."

"ఏడవకు. ఆ పిల్లి చచ్చిందంటావా?"

"లేదాంటీ! అది బతికే ఉంది. వీళ్ల చప్పుడికి ఎటో పారిపోయుంటుంది."

"అయితే ఎటెళ్లిందో అదే చెప్పుద్ది. ఆ రొట్టె తిప్పు, మాడిపోద్ది."

పైకి అలా అంది గానీ, ఆ సాయంత్రం వీరవేణి అత్తగారి మూకుడు తోముతూ చాలాసేపు కూర్చుంది. మూకుడు అడుగున నలభై ఏళ్ల నలుపు. ఇంట్లో గ్యాసు పొయ్యి మీద పెడితే అది ఒట్టి ఇనుము.

ముప్పై ఒకటికి ఇంకా మూడు రోజులుంది. తెల్లారుతుండగా వీరవేణి కొట్టు వెనక తలుపు తీసింది. వెనకాల పంటకాలువ. గట్టున ఆవిడ రోజూ పొయ్యి బూడిద పోసి సాపుగా చేస్తుంది, గిన్నెలు తోముకునే ఆడవాళ్లు పట్టుకెళ్తారని. ఆ సాపు బూడిద మీద అడ్డంగా అడుగులు. కుక్కవి కావు, ఇంటి పిల్లివి అసలే కావు. అంత పెద్ద పిల్లి ఇంట్లో ఉంటే ఇల్లుగలవాళ్లు బయట పడుకోవాలి.

తలెత్తి చూసింది. కాలువ అవతలి గట్టున అది కూర్చునే ఉంది. బూడిద రంగు ఒళ్లు, దాని మీద నల్ల చుక్కలు. నీళ్లకేసి అదేపనిగా చూసి చూసి, చటుక్కున ముందుకాలితో ఒక్కటి కొట్టింది. చేప గట్టున పడింది. వీరవేణి వంక ఒక్కసారి చూసింది, రొట్టె ఇంకా కాలలేదా అని అడిగే ఖాతాదారు చూసినట్టు. చేప నోట కరుచుకుని తూములోకి దిగిపోయింది.

ఆ పూట రొట్టెలు ఆలస్యమయ్యాయి.

హాసిని పరుగున వచ్చి బూడిద మీద బోర్లా పడుకుని చూసింది. "అదే ఆంటీ! వేళ్ల మధ్య పొర ఆనింది చూడండి. నీటిపిల్లే!" లేచేసరికి ముక్కు మీద బూడిద. "మడ అడవిలోంచి ఇక్కడికొచ్చేసింది. జీపుల చప్పుడు లేని చోటు వెతుక్కుంది."

"ఎడం కాలేదో తెలుత్తాదా?"

తెలిసింది. వీరవేణి దస్తావేజు అడుగున గడిలో గంజి పూసింది. బోర్లించి ముద్ర మీద మెల్లగా ఆనించి లేపింది. బూడిద గంజికి అతుక్కుని, పంజా పంజాలాగే వచ్చింది. తండ్రి లేదా భర్త పేరు దగ్గర తెలియదు అని రాశారు. శాశ్వత చిరునామా దగ్గర హాసిని కాసేపు కలం పట్టుకుని ఆగి, మడ అడవి అని రాసి, ప్రస్తుత చిరునామా దగ్గర వీరవేణి కొట్టు వెనకాల అని రాసింది.

పరాంకుశంగారు భూతద్దం పెట్టి పది నిమిషాలు చూశారు. ముప్పై ఏళ్లలో ఇంత స్పష్టమైన ముద్ర ఆయన చూడలేదు. ముసలివాళ్ల వేళ్లు అరిగిపోయి ఉండేవి.

"సజీవముగా ఉన్నది," అని స్టాంపు వేశారు. "మరణించినట్లు భావించిన పిమ్మట జీవించుట నిబంధనలకు విరుద్ధము. అయినను ముద్ర ఉన్నది కావున మన్నించడమైనది. నలుబది దినముల తాత్కాలిక లైసెన్సు ఈయడమైనది. ముద్ర దేనితో వేసినారు?"

"బూడిదండీ. నా పొయ్యిలోదే."

అన్నాక నాలుక కరుచుకుంది గానీ అప్పటికే పరాంకుశంగారు కలం మూత తీశారు.

ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. సిరా దిండుకి ఒక్క ప్రాణి కూడా రాలేదు. బూడిదకి ఒకటి వచ్చింది. అందుచేత ముద్రా సేకరణకు బూడిదే అధికారిక సాధనం. మరణించిన మిగిలిన నాలుగువందల పదిహేను ప్రాణులకీ తిరిగి బతకడానికి చివరి అవకాశం ఇవ్వాలని కార్యాలయం దయతో నిర్ణయించింది. ముద్రలు వచ్చేదాకా అన్ని కొట్లవాళ్లకీ గడువు పెంచారు. కర్బన తగ్గింపు పథకంలో చేరిన ప్రతి దుకాణమూ రోజుకి రెండు బుట్టల బూడిద విధిగా తయారుచేసి, దుకాణం వెనక సాపుగా పరచాలి.

"నా దగ్గర బూడిదెక్కడిదండీ?" అన్నాడు కనకరాజు లబోదిబోమంటూ. "పొయ్యి ఎప్పుడో తీసేసేను. నీళ్లు ఎండలో కాత్తన్నాను."

"పొయ్యి తిరిగి పెట్టుకొనవలెను."

"దేనికండీ? కాసే నీళ్లు కాగిపోతన్నాయి కదండీ."

"నీళ్ల కొరకు కాదు. కర్బన తగ్గింపు కొరకు."

కనకరాజు గెడ్డం గోక్కున్నాడు. ఊళ్లో అందరి గెడ్డాలూ గీసే మనిషి, తన గెడ్డం గోక్కోవడం అదే మొదలు. మర్నాటి నుంచి నీళ్లు లేని పొయ్యిలో కొబ్బరిమట్టలు తగలబెట్టాడు. దర్జీ విరిగిన కుర్చీలు కాల్చాడు. చెప్పుల కొట్టు, మందుల కొట్టు, ఫోన్ల కొట్టు, అంతవరకు అగ్గిపుల్ల గీసి ఎరగనివాళ్లంతా కొట్టు వెనక మంటలు పెట్టుకుని కళ్లు తుడుచుకున్నారు. మొగలిలంక మీద పొగ మబ్బులా కమ్మేసింది. బజారులో దగ్గని మనిషి లేడు. 'పొగ తగ్గిద్దాం' ఫ్లెక్సీలు నల్లబడి అక్షరాలు కనబడటం మానేశాయి.

హాసినీ వాళ్ల దళానికి ఇప్పుడు ఆకుపచ్చ చొక్కాలు తీసేసి బూడిదరంగు చొక్కాలు ఇచ్చారు. చేతికి తక్కెళ్లు ఇచ్చారు. పదకొండు మందీ ధ్రువపత్రాలు వస్తాయని ఉత్సాహంగా కొట్టుకొట్టుకీ తిరిగి బుట్టలు తూచారు. హాసిని మొదటి రోజు తూచింది. రెండో రోజు తక్కెడ వీరవేణి కొట్లో బల్ల కింద పెట్టేసి, వచ్చి పిండి కలిపింది.

"ఆంటీ, పిల్లి వచ్చిందా?"

"మూడు రోజులైంది, జాడ లేదు. ఈ పొగకి నేనే పారిపోయేలా ఉన్నాను, అదేం చేసుద్ది."

నాలుగో రోజు వచ్చింది. బజారు మొత్తంలో పొగ తక్కువున్న కొట్టు అదొక్కటే కాబట్టి వచ్చింది. వీరవేణి ఇరవై ఎనిమిది చిప్పలకి మించి ఒక్కటీ వేయలేదు. దాంతో అరబుట్టెడు బూడిద కూడా రాలేదు. సన్నటి బూడిద పొర మీద అడుగులు అంతంతమాత్రంగా ఆనాయి.

తర్వాతి కాగితం రావడానికి అదే కారణం.

"మీ దుకాణమున బూడిద ఉత్పత్తి నిర్ణీత ప్రమాణములో నాలుగవ వంతు కూడా లేదు. మీరు కర్బనము తగ్గించుటలో ఘోరముగా విఫలమైనారు," అని చదివింది హాసిని. ఈసారి ఏడవలేదు, మొహం ఎర్రబడింది. "ఎల్లుండి ఉదయం తనిఖీ. రెండు బుట్టలు చూపించకపోతే తాత్కాలికం కూడా రద్దు. ఊళ్లో నిజంగా తగ్గించింది మీరొక్కరే ఆంటీ! ఇప్పుడు నూరు చిప్పలు కాల్చాలా?"

వీరవేణి నూరు చిప్పల కేసి చూసింది. కాలువ కేసి చూసింది. చేతిలో కాగితం కేసి చూసింది. కాగితం బాగా దళసరిగా ఉంది.

"ఇట్టాంటివి నా దగ్గర ఎన్నున్నాయంటావు?"

"నలభై మూడు. ఒక్కొక్కటీ మూడేసి నకళ్లు."

"మీ కరపత్రాలో?"

హాసిని కళ్లు పెద్దవయ్యాయి. "పదకొండు వేలు మా హాస్టల్ గదిలో ఉన్నాయి. పడుకోడానికి చోటు లేదు. శిబిరంవి, హాజరు పట్టీలు, చనిపోయినవాళ్ల జాబితా నకళ్లు... అన్నీ మాకే పంచమని ఇచ్చారు. ఎవరూ తీసుకోవట్లేదు."

"కనకరాజు దగ్గర రిక్షా ఉంది. పట్రా."

మర్నాడు వీరవేణి పొయ్యిలోకి ఒక్క చిప్ప కూడా వెళ్లలేదు. కట్టలు విప్పకుండా పెట్టింది. విడి కాగితమైతే భగ్గుమని ఆరిపోతుంది. కట్టగా ఉన్న ఆఫీసు కాగితం ఆఫీసులో కదిలినంత నిదానంగా పొయ్యిలోనూ కాలింది. కింద కరపత్రాలు, మూత మీద ఉత్తర్వులు. కిందివి కాలేలోపల పైవి కణకణలాడేవి. రొట్టె ఎర్రగా దిగింది. పొయ్యి దగ్గర పీట వేసుకుని కూచున్న కనకరాజు మొదటి ముక్క పానకంలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

"ఎలాగుంది అన్నయ్యా?"

"నాలుగువందల పదహారు పేణాలు పోయిన కాయితం, ఊరికే పోద్దా," అన్నాడు కళ్లు మూసుకుని. "మా కొట్టుకో రెండు కట్టలు ఇయ్యి చెల్లెమ్మా. నీళ్లు కాసుకుంటాను. మట్టలు తగలెట్టలేకపోతన్నాను."

సాయంత్రానికి రెండు బుట్టలూ నిండి పైన గోపురం వచ్చింది. వీరవేణి, హాసిని కాలువ గట్టున దాన్ని వేలెడు మందాన పరిచి, చీపురుతో సాపు చేసి, తలుపు వేసి వెళ్లిపోయారు.

తనిఖీ రోజున పరాంకుశంగారు తొమ్మిదింటికి జీపు దిగారు. వెనక గుమాస్తా, గుమాస్తా వెనక తక్కెడ. బజారు దాటి వచ్చేసరికి ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి, దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. వీరవేణి మంచినీళ్లిచ్చి, వెనక తలుపు తీసింది.

బూడిద తెల్లగా, మెత్తగా, వెన్నలా పరుచుకుని ఉంది. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగు కాళ్ల అడుగులు, తొందరేం లేని మనిషి నడిచినట్టు.

పరాంకుశంగారు చిటికెడు తీసి వేళ్ల మధ్య రుద్దారు. మొహంలో మొదటిసారి ఆనందం లాంటిది కనబడింది.

"ఇట్టి శ్రేష్ఠమైన బూడిద మండలములో మరెక్కడనూ చూచియుండలేదు. ఇది ఏ జాతి కలప?"

"తమరి దగ్గర్నించి వచ్చిందేనండీ. ఊళ్లో ఇంకెక్కడా దొరకదండి."

"నా దగ్గర నుండియా?"

"ఆయ్. అంతా కార్యాలయం చలవేనండీ."

పొగడ్తలు ఆయనకి అలవాటే. గుమాస్తా వైపు తిరిగి, ఇది ఏ వృక్షమో కనుగొని జిల్లా అంతటా నాటించుటకు సిఫార్సు చేయవలెనని రాసుకోమన్నారు. గుమాస్తా రాసుకున్నాడు. తర్వాత ముద్ర పరీక్షించడానికి ఆయన భూతద్దం తీసి, మోకాళ్ల మీద వంగారు.

అప్పుడు హాసిని చూసింది. చూసి వీరవేణి చెయ్యి పట్టుకుంది. ఎడమ ముందుకాలి ముద్ర అంచున, పూర్తిగా పొడి కాని నల్లటి కాగితపు రేకు ఒకటి బూడిదలోంచి తేలి ఉంది. కాలిన కాగితం మీద సిరా వెండిలా మెరుస్తుంది. రేకు మీద 'తగు చర్య నిమిత్తం' అనీ, దాని కింద మెలికలు తిరిగిన పెద్ద సంతకమూ పూసగుచ్చినట్టు కనబడుతున్నాయి. సంతకం చివరి మెలిక మీద పిల్లి కాలివేలు ఆనింది.

భూతద్దం ఆ రేకు మీద ఆగింది.

వీరవేణి మనసులో అత్తగారి మూకుడు ఒక్కసారి మెదిలింది. పరాంకుశంగారు చాలాసేపు వంగే ఉన్నారు. ఆ సంతకం ఆయనదే, రోజుకి వందసార్లు పెట్టేదే. భూతద్దం దగ్గరగా జరిపారు, దూరంగా జరిపారు. చివరికి నడుం పట్టుకుని లేచారు. మొహంలో ఏమీ లేదు.

"ముద్ర ఉన్నది," అన్నారు గుమాస్తాతో. "సంతకమూ ఉన్నది. రెండునూ ఒకే చోట ఉన్నవి. ముప్పది సంవత్సరముల సర్వీసులో ఇంత సంపూర్ణమైన పత్రము నా ముందునకు రాలేదు. శాశ్వత లైసెన్సు వ్రాయుము."

గుమాస్తా రాశాడు. ఆయన అక్కడే, పొయ్యి గట్టు మీద పెట్టి సంతకం చేశారు. చేస్తూ పొయ్యిలో కాలుతున్న కట్ట వంక ఒక్కసారి చూశారో లేదో వీరవేణికి ఇప్పటికీ తెలియదు. పొగ వల్ల ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి.

"కూకోండయ్యగారూ," అంది వీరవేణి, మూత మీద నిప్పులు ఒడుపుగా దులిపి రొట్టె పళ్లెంలో బోర్లిస్తూ. "పానకమేయమంటారా, అల్లప్పచ్చడా?"

పరాంకుశంగారు కుర్చీలో కూర్చున్నారు. వాసన బాగానే ఉంది.

"రెండింటి నిమిత్తమూ," అన్నారు, "తగు చర్య గైకొనవలెను."